అలైన్‌మెంట్ షీట్ అంతా పచ్చగా ఉన్నా ఎం3 వెనక భాగం ఎందుకు ఊగుతోంది

మీరు రాసింది మొత్తం చదివాను. మిగతావాళ్ళ కోసం క్లుప్తంగా చెబుతా: డాలస్ దగ్గర ఉంటున్నారు, బండి 2004 బీఎండబ్ల్యూ ఎం3, అంటే ఈ46 (ఆ తరానికి కంపెనీ ఇచ్చిన కోడ్) బాడీ, మీరు మూడో ఓనర్. హైవే మీద 70 మైళ్ళ వేగంలో గ్యాస్ (యాక్సిలరేటర్) వదిలితే వెనక భాగం పక్కకి జరిగినట్టు, మళ్ళీ తొక్కితే ఇంకోవైపు సర్దుకున్నట్టు ఉంటోంది. లేన్ మారేటప్పుడు ముందు భాగం తిరిగిన ఒక క్షణానికి గానీ వెనక భాగం రావట్లేదు, కాంక్రీట్ రోడ్డు జాయింట్ల మీద ఇది ఇంకా ఎక్కువ. పాత ఓనర్ స్ప్రింగులు మార్చి బండిని కిందికి దించాడు. మీరు వెనక రెండూ కొత్త ఆల్ సీజన్ టైర్లు వేయించారు, ముందు మాత్రం పాత సమ్మర్ టైర్లే ఉన్నాయి. రెండు చోట్ల అలైన్‌మెంట్, అంటే చక్రాల కోణాల సర్దుబాటు, చేయించారు, రెండు షీట్లలోనూ అంకెలన్నీ పచ్చగానే, అంటే కంపెనీ హద్దుల్లోనే వచ్చాయి. ఇప్పుడు ఎవరో కాయిలోవర్లు (స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ కలిసిన, ఎత్తు మార్చుకోగల సెట్లు), లావుపాటి రియర్ యాంటీ రోల్ బార్ (మలుపులో బండి ఒరగకుండా ఆపే వెనక కడ్డీ) వేయించుకోమన్నారు, కొననా అని అడిగారు.

కొనకండి. ముఖ్యంగా ఆ బార్ అసలు వద్దు. వెనక యాంటీ రోల్ బార్ గట్టిపడితే మలుపులో బరువు మార్పిడి వెనక ఇరుసు మీద ఎక్కువ పడుతుంది, దాంతో వెనక పట్టు తగ్గుతుంది. ముందుభాగం తిరగనని మొండికేసే బండికి అది మందు. ఇప్పటికే వెనక నిలవని బండికి అదే వేస్తే ఏమవుతుందో మీరే ఊహించుకోండి. కాయిలోవర్లు మంచివే గానీ, వాటి కింద ఉన్న రబ్బరు చిరిగి ఉంటే అంత ఖరీదైన డ్యాంపర్ (షాక్ అబ్జార్బర్) కూడా చక్రాన్ని సరైన దిక్కున నిలబెట్టలేదు.

అసలు విషయం ఏమిటంటే, అలైన్‌మెంట్ యంత్రం బండి కదలకుండా ఉన్నప్పుడు చక్రం ఎటు చూస్తోందో చెబుతుంది, అంతే. రోడ్డు మీద గ్యాస్ తొక్కినప్పుడు చక్రం బండిని ముందుకి నెడుతుంది, బ్రేక్ వేసినా కాలు తీసినా వెనక్కి లాగుతుంది, మలుపులో రోడ్డు దాన్ని పక్కనుంచి తోస్తుంది. ఈ బలాలన్నిటికీ ఎదురు నిలిచేది చక్రాన్ని బండికి కలిపే ఆర్ముల చివర్లలో ఉన్న బుష్‌లు (రబ్బరు కీళ్ళు), బాల్ జాయింట్లు (గుండ్రటి ఇనుప కీళ్ళు). బందు వదులైన తలుపు కూడా మూసి ఉన్నంతసేపు చౌకట్లో చక్కగానే కూర్చుంటుంది, తోసి చూస్తే గానీ తెలియదు. మీ షీట్లు అబద్ధం చెప్పట్లేదు. మీకు కావాల్సిన ప్రశ్న వాటిని ఎవరూ అడగలేదు.

వెనక చక్రాల విషయంలో అన్నిటికంటే ముఖ్యం టో. రెండు చక్రాల ముందు అంచులు కొద్దిగా లోపలికి చూస్తుంటే టో-ఇన్, బయటికి చూస్తుంటే టో-అవుట్. వెనక కొంచెం టో-ఇన్ ఉంటేనే బండి సూటిగా నిలుస్తుంది. మలుపులో బరువంతా మోసే బయటి చక్రం టో-అవుట్‌లోకి జారితే, వెనక ఇరుసు తనంతట తాను స్టీరింగ్ తిప్పినట్టే. మీ చేతులు కదలవు, బండి మాత్రం తిరుగుతుంది. క్యాంబర్, అంటే చక్రం నిలువు నుంచి ఎంత ఒరిగిందో ఆ కోణం, అర డిగ్రీ అటూ ఇటూ అయితే టైరు అరుగుతుంది, పట్టు కొంచెం మారుతుంది. వెనక టో అందులో సగం మారినా డ్రైవర్‌కి గుండె ఝల్లుమంటుంది.

ఇది కార్ల కంపెనీలకు కొత్త సంగతేమీ కాదు. పాత సెమీ ట్రెయిలింగ్ ఆర్మ్ సస్పెన్షన్లలో గ్యాస్ వదలగానే చక్రం వెనక్కి లాగబడి, బుష్ నొక్కుకుపోయి టో-అవుట్ అయ్యేది. దాన్ని తిప్పికొట్టడానికే పోర్షే 1977లో వచ్చిన 928కి వైసాక్ యాక్సిల్ అని ఒకటి తయారు చేసింది, అందులో కాలు తీసినప్పుడు చక్రం టో-ఇన్ వైపే వెళ్ళేలా లింకులు అమర్చారు. హోండా ఎస్2000 మొదటి మోడళ్ళలో సస్పెన్షన్ పైకీ కిందికీ కదిలినప్పుడు వెనక టో ఎక్కువగా మారేది, మలుపు మధ్యలో కాలు తీసినవాళ్ళని ఆ కారు చాలా భయపెట్టింది, 2004 మోడల్‌కి వచ్చేసరికి హోండా ఆ మార్పును తగ్గించింది. ఇవి రెండూ కొత్తగా, ఏ అరుగుదలా లేకుండా ఉన్న కార్ల సంగతి. మీది 20 ఏళ్ళు దాటిన రబ్బరు.

ఇక మీ కారు. ఈ46 వెనక సస్పెన్షన్‌ని బీఎండబ్ల్యూ జెడ్-యాక్సిల్ అంటుంది, 1989 నాటి జెడ్1లో మొదలైంది, ఈ36 మీదుగా దీనికి వచ్చింది. ఒక్కో వైపు ఒక పెద్ద ట్రెయిలింగ్ ఆర్మ్ (చక్రం నుంచి ముందుకి పోయే ఆర్మ్), దాన్ని సబ్‌ఫ్రేమ్‌కి (వెనక సస్పెన్షన్‌ని మోసే ఇనుప చట్రానికి) కలిపే రెండు అడ్డ ఆర్ములు పైనా కిందా. ట్రెయిలింగ్ ఆర్మ్ ముందు చివర ఒకే ఒక్క బుష్ ద్వారా బాడీకి తగులుకుని ఉంటుంది. రియర్ ట్రెయిలింగ్ ఆర్మ్ బుష్ అని ఈ కార్ల వాళ్ళు నిద్రలో కూడా తలుచుకునేది దీన్నే. గ్యాస్, బ్రేక్ బలాలన్నీ దీని గుండానే బాడీకి చేరతాయి. పైగా ఆ ముందు చివర ఎడమకో కుడికో జరిగితే ఆర్మ్ మొత్తం తిరుగుతుంది, దాంతో చక్రం టో మారిపోతుంది. లోపల రబ్బరు చిరిగితే జరిగేది సరిగ్గా ఇదే. కాలు తీస్తే ఒక దిక్కు, తొక్కితే ఇంకో దిక్కు అని మీరు రాసిన లక్షణం చదవగానే నాకు మొదట గుర్తొచ్చింది ఈ బుష్‌లే. అయినా ఊహ మీద బిల్లు కట్టకూడదు, చూసి తేల్చుకోవాలి.

ముందు, తప్పు ఏ భాగానిదో కాదు, ఎప్పుడు జరుగుతోందో పట్టుకోండి. ట్రాఫిక్ లేని సూటి రోడ్డు మీద, పొడి వాతావరణంలో, లిమిట్ దాటకుండా ఒకే వేగంలో వెళ్ళండి. స్టీరింగ్ వేళ్ళతో తేలిగ్గా పట్టుకోండి. కాలు నెమ్మదిగా తీయండి, మళ్ళీ నెమ్మదిగా తొక్కండి. స్టీరింగ్ కదలకుండా నడుము దగ్గర, సీటు కింద బండి మెలి తిరిగినట్టు ఉంటే తప్పు వెనక ఉంది. స్టీరింగ్ చక్రమే చేతుల్లో తేలిపోతుంటే బండి ముందు భాగాన్ని చూడాలి, ఎందుకంటే ఈ46లో ముందు కంట్రోల్ ఆర్మ్ బుష్‌లు పోయినా బ్రేక్ వేసినప్పుడు బండి అటూ ఇటూ వెతుక్కుంటుంది, చాలామంది దాన్ని వెనక తప్పు అనుకుంటారు. ఒకే వేగంలో గ్యాస్ కదపకుండా వెళ్తున్నా తేలుతుంటే టైర్లనీ, నిలకడ మీద ఉన్న టోనీ అనుమానించండి. రోడ్డు జాయింటు ఎక్కి దిగాక వెనక భాగం ఇంకోసారి లేచి కూర్చుంటే డ్యాంపర్లు. 100 మైళ్ళు దాటాకే మొదలయ్యే తేలుడు వేరే సంగతి, దానికి బండి మీదుగా పోయే గాలి కారణం కావచ్చు. మొదటి తరం ఆడి టీటీని జర్మనీలో ఆటోబాన్ ప్రమాదాల తర్వాత కంపెనీ వెనక్కి పిలిపించి వెనక స్పాయిలర్, ఈఎస్‌పీ (బండి జారకుండా ఆపే ఎలక్ట్రానిక్ వ్యవస్థ) పెట్టి, సస్పెన్షన్‌లో మార్పులు చేసింది గుర్తుందా, ఆ రకం. మీది 70లోనే వస్తోంది కాబట్టి అటు వెళ్ళక్కర్లేదు.

టైర్ల గురించి కొంచెం గట్టిగా చెప్పాలి, ఎందుకంటే మీ వర్ణనలో సగం గందరగోళం అక్కడే ఉంది. ఈ కారు ముందు 225, వెనక 255 వెడల్పు టైర్లతో వచ్చింది, ఆ తేడా బండి బ్యాలెన్స్‌లో భాగం. ముందు సమ్మర్, వెనక ఆల్ సీజన్ అంటే ముందు పట్టు గట్టిగా, వెనక మెత్తగా. కొత్త ఆల్ సీజన్ టైరులో ట్రెడ్ లోతుగా, చిన్న చిన్న కోతలతో ఉంటుంది, టెక్సస్ ఎండలో ఆ దిమ్మెలు రబ్బరులా సాగుతాయి. లేన్ మారేటప్పుడు వెనక ఆలస్యంగా రావడంలో దీని వాటా కచ్చితంగా ఉంది. నాలుగూ ఒకే కంపెనీ, ఒకే మోడల్ ఉండాలి, 333 హార్స్‌పవర్ వెనక చక్రాలకే వెళ్ళే కారులో దీని మీద బేరం ఆడకండి. సైడ్‌వాల్ మీద డాట్ కోడ్ (తయారీ కోడ్) చివరి నాలుగు అంకెలు చూడండి, 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైనట్టు. మీ ముందు టైర్లు ఏ సంవత్సరానివో రాయండి.

టైర్లలో గాలి ఉదయం, టైర్లు చల్లగా ఉన్నప్పుడు, డోర్ దగ్గర స్టిక్కర్ చూసి పట్టండి. ఉష్ణోగ్రత 10 ఫారెన్‌హీట్ డిగ్రీలు మారితే టైరులో ఒత్తిడి సుమారు 1 పీఎస్‌ఐ మారుతుంది, కాబట్టి మధ్యాహ్నం గ్యాస్ స్టేషన్‌లో వేడి టైరుకి కొట్టిన లెక్క పనికిరాదు. వెనక టైరు లోపలి అంచు మీద చెయ్యి పెట్టి నిమరండి. బయట ట్రెడ్ నిండుగా ఉండి లోపలి అంచు మాత్రం ఈకలు లేచినట్టు గరుకుగా ఉంటే టో రోడ్డు మీద నిలవట్లేదని టైరే చెబుతున్నట్టు. మీరు తీసేసిన పాత వెనక టైర్లు షాపులో ఇంకా ఉంటే వాటిని ఒకసారి చూడండి, కొత్తవాటి కంటే అవే ఎక్కువ చెబుతాయి.

తర్వాత బండి కిందికి. జాక్ మీద కాదు, సరైన స్టాండ్లు వేసి, లేదా నాలుగు చక్రాల మీద నిలబెట్టే లిఫ్ట్ ఉన్న షాపులో. చక్రాలు వేలాడుతుంటే బుష్ మెలి తిరిగి బిగుసుకుంటుంది, ఆ బిగువులో చిరుగు దాక్కుంటుంది. అందుకే బరువు చక్రాల మీద ఉన్నప్పుడే చూడటం మంచిది. వెనక చక్రం ముందు ట్రెయిలింగ్ ఆర్మ్ బుష్ ఉన్న బ్రాకెట్ కనిపిస్తుంది, బాడీకి మూడు బోల్టులతో ఉంటుంది. టార్చ్ వేసి రబ్బరులో పగుళ్ళు, నడుమ ఉన్న ఇనుప గొట్టం ఒక పక్కకి ఒరిగిందా చూడండి. ప్రై బార్ (సందులో పెట్టి తోసే ఇనుప కడ్డీ) పెట్టి ఆర్మ్‌ని ఎడమకీ కుడికీ తోయండి. కొంచెం సాగడం సహజం, రబ్బరు కదా. తేలిగ్గా మిల్లీమీటర్ల కొద్దీ జరిగి, వదలగానే తిరిగి రాకపోతే అది పోయినట్టే. చక్రాన్ని 3, 9 గంటల స్థానాల్లో పట్టుకుని కుదపండి, తర్వాత 12, 6 దగ్గర. ఆర్మ్ బయటి చివర్లలో ఉండే బాల్ జాయింట్లూ, వీల్ బేరింగూ అప్పుడు బయటపడతాయి. పక్కన ఒకరు కింద చూస్తూ, ఏ జాయింట్ దగ్గర కదులుతోందో వేలు పెట్టి పట్టుకోవాలి.

అలైన్‌మెంట్ చేసేవాడు కాస్త ఓపిక ఉన్నవాడైతే ఇంకో పరీక్ష ఉంది, నాకు చాలా ఇష్టమైనది. బండి యంత్రం మీద ఉండగానే, వెనక టో అంకె చూస్తూ, ట్రెయిలింగ్ ఆర్మ్ ముందు చివరని బార్‌తో తోయమనండి. అంకె ఎంత మారుతుంది, వదిలాక పాత చోటుకి వస్తుందా, ఎడమా కుడీ ఒకేలా ఉన్నాయా? అర నిమిషం పని, మీ రెండు పచ్చ షీట్లూ చెప్పలేని మాట చెబుతుంది. ఇంట్లో అయితే దారంతో కూడా కొలవచ్చు. బండికి రెండు పక్కలా, హబ్ మధ్యల నుంచి సమాన దూరంలో దారాలు కట్టి, రిమ్ ముందు అంచు, వెనక అంచు దారానికి ఎంత దూరమో స్కేల్‌తో కొలవండి. 18 అంగుళాల రిమ్ మీద 1 మిల్లీమీటర్ తేడా అంటే దాదాపు 7 నిమిషాల కోణం (60 నిమిషాలు ఒక డిగ్రీ). ముందు ఇరుసు, వెనక ఇరుసు వెడల్పులు వేరు, కాబట్టి దారాన్ని టైర్లకి ఆనించి కట్టకండి. షీట్ మీద ఇంకొకటి కూడా చూడండి: మొత్తం టో పచ్చగా ఉన్నా ఎడమ చక్రానిది ఎక్కువ, కుడిది తక్కువ ఉంటే థ్రస్ట్ యాంగిల్, అంటే వెనక చక్రాలు కలిసి బండిని నెట్టే దిక్కు, పక్కకి పోతుంది, బండి ఎండ్రకాయలా నడుస్తుంది. చాలా షాపులు మొత్తం అంకె చూసి వదిలేస్తాయి.

కింద ఉండగానే చూడాల్సింది, వాయిదా వేయకూడనిది సబ్‌ఫ్రేమ్ మౌంట్లు. ఈ46లో వెనక సబ్‌ఫ్రేమ్ బాడీ నేలకి నాలుగు చోట్ల బిగుస్తుంది. గ్యాస్ తొక్కిన ప్రతిసారీ, వదిలిన ప్రతిసారీ ఆ పలుచని రేకు మెలి తిరిగి, కాలక్రమంలో వెల్డుల చుట్టూ పగుళ్ళు వస్తాయి. ఎం3కే కాదు, మామూలు 330కి కూడా. మొదటి గేర్‌లో కదిలేటప్పుడు వెనక నుంచి 'టంగ్' మని ఒక దెబ్బ వినిపిస్తే అనుమానించాల్సిందే, కానీ చప్పుడు లేకుండా కూడా పగుళ్ళుంటాయి. పైన అండర్‌కోట్ (బండి కింది రేకుకి పూసే రక్షణ పూత) ఉంటే పగులు కనపడదు, మౌంట్ చుట్టూ శుభ్రంగా గీకి, పక్కనుంచి టార్చ్ వేసి చూడాలి. ఎవరైనా ఆ నాలుగు చోట్ల మాత్రమే కొత్తగా నల్ల పూత పూసి ఉంటే, ఎందుకు పూశారో పాత ఓనర్‌ని అడగండి. పగులు ఉంటే సబ్‌ఫ్రేమ్ దించి, వెల్డ్ చేసి, రీఇన్‌ఫోర్స్‌మెంట్ ప్లేట్లు వేయాలి. ఖర్చు ఎక్కువే. దాని మీద కొత్త బుష్‌లు వేసి కప్పేయడం మాత్రం తప్పు, ఈ కారులో మీతో పాటు ఇంట్లోవాళ్ళూ కూర్చుంటారు కదా.

దించిన స్ప్రింగుల సంగతి. బండి కిందికి దిగితే వెనక క్యాంబర్, టో రెండూ మారతాయి, దాన్ని అలైన్‌మెంట్‌లో చాలావరకు సరిచేయవచ్చు. సరిచేయలేనిది మిగిలిన ప్రయాణం, అంటే డ్యాంపర్ ఇంకా ఎంత లోపలికి వెళ్ళగలదనేది. మలుపులో జాయింటు తగిలినప్పుడు బంప్ స్టాప్ (డ్యాంపర్ ప్రయాణం చివర ఆపే దిమ్మ) మీదకి కూర్చుంటే వెనక ఒక్కసారిగా రాయిలా గట్టిపడుతుంది, టైరు పట్టు వదులుతుంది. మీ కాంక్రీట్ జాయింట్ల బాధలో ఇది ఉండొచ్చు. డస్ట్ బూట్ పైకెత్తి డ్యాంపర్ రాడ్‌కి ఒక జిప్ టై కట్టి, అడుగుకి జరిపి, మీరు రోజూ వెళ్ళే దారిలో తిరిగి రండి. జిప్ టై పైన బంప్ స్టాప్ దాకా వెళ్ళి ఉంటే జవాబు దొరికినట్టే. అలాగే డ్యాంపర్ మీద నూనె తడి, పై మౌంట్ రబ్బరు, స్ప్రింగ్ చివరి చుట్టు విరిగిందా కూడా చూసేయండి. యాంటీ రోల్ బార్ లింకు ఒక పక్క ఊడినా ఎడమ మలుపు ఒకలా, కుడి మలుపు ఒకలా ఉంటుంది.

డిఫరెన్షియల్ (ఇంజిన్ బలాన్ని రెండు వెనక చక్రాలకు పంచే గేర్ల పెట్టె) ముందే విప్పించకండి. మీ కారులో ఉన్న ఎం డిఫరెన్షియల్ రెండు వెనక చక్రాల వేగంలో తేడా వచ్చినప్పుడు లాక్ పెంచుతుంది, కాబట్టి వెనక రెండు టైర్లూ ఒకే అరుగుదలతో ఉండటం దానికి ముఖ్యం, మీవి రెండూ కొత్తవే గనక ప్రస్తుతానికి పక్కన పెట్టండి. ఒక వెనక చక్రం రిమ్ ఇంకోదాని కంటే బాగా వేడిగా ఉంటే మాత్రం క్యాలిపరో హ్యాండ్ బ్రేకో పట్టేస్తోంది, అది చూడాలి.

బుష్‌లే అని తేలితే, రోజూ నడిపే కారుకి నా సలహా కంపెనీ రబ్బరు బుష్‌లే, వాటితో పాటు పక్కకి జరగకుండా ఆపే లిమిటర్లు. పాలీయురిథేన్ (రబ్బరు కంటే గట్టి ప్లాస్టిక్) వద్దు. ఈ ఆర్మ్ పైకీ కిందికీ కదలడమే కాదు, కొంచెం మెలి కూడా తిరుగుతుంది, గట్టి పాలీ బుష్ దానికి అడ్డుపడి పట్టేస్తుంది. ట్రాక్ కారుకి స్ఫెరికల్ బేరింగ్ (రబ్బరు లేని ఇనుప కీలు) మంచిది, చప్పుడు భరించాలి. ఏది వేసినా ఒక్కటి మెకానిక్‌కి ముందే చెప్పండి: మధ్య బోల్టుని ఆర్మ్ వేలాడుతుండగా బిగించకూడదు, బండి తన ఎత్తులో కూర్చున్నప్పుడు ఆర్మ్ ఏ కోణంలో ఉంటుందో ఆ కోణంలోనే బిగించాలి. లేకపోతే కొత్త రబ్బరు మొదటి రోజు నుంచే మెలితిరిగి ఉండి, తొందరగా చిరుగుతుంది. మీ బండి దించి ఉంది కాబట్టి కంపెనీ చెప్పే కోణం కూడా మీకు సరిపోదు. బ్రాకెట్ విప్పే ముందు బాడీ మీద దాని చుట్టూ పెయింట్ పెన్‌తో గీత గీయమనండి, ఈ కారులో వెనక టో సరిచేసేది ఆ బ్రాకెట్ జరిపే. గీత ఉంటే కనీసం అలైన్‌మెంట్ షాపు దాకా క్షేమంగా వెళ్ళొచ్చు. అక్కడ ట్యాంక్ నింపి, ముందు రెండు సీట్లలోనూ వెనక మధ్యలోనూ 68 కిలోల చొప్పున, డిక్కీలో 21 కిలోలు బరువులు పెట్టి చేయమనండి, బీఎండబ్ల్యూ అంకెలు ఆ బరువుతోనే లెక్క.

వరుస అడిగితే: ముందు గాలి, టైర్ల తేదీలు, ఈ రోజే. ఈ వారాంతం బుష్‌లు, మౌంట్లు చూడటం. అవి శుభ్రంగా ఉంటేనే జిప్ టై, డ్యాంపర్లు. నాలుగు ఒకే రకం టైర్లు, చివరి అలైన్‌మెంట్ అన్నీ అయ్యాకే, లేకపోతే రెండుసార్లు డబ్బు కడతారు.

అప్పటిదాకా డీఎస్‌సీ (ఈఎస్‌పీకి బీఎండబ్ల్యూ పెట్టుకున్న పేరు) ఆపి నడపకండి, వర్షంలో హైవే మీద వేగం తగ్గించండి. మలుపులో వెనక భాగం జరిగితే భయపడి ఒక్కసారిగా కాలు తీయకండి, గ్యాస్ కొంచెం పట్టి ఉంచి స్టీరింగ్ సూటిగా చేయండి. టెక్సస్‌లోని క్రెసన్‌లో ట్రాక్ డేకి (రేస్ ట్రాక్ మీద సొంత కారు నడిపే రోజు) డబ్బు కట్టానన్నారు, తేదీ మార్పించండి. రెండు అలైన్‌మెంట్ షీట్లలో ఎడమ, కుడి వెనక టో అంకెలు విడివిడిగా, రెండు బుష్‌ల ఫోటోలు, గీకిన తర్వాత నాలుగు మౌంట్ల ఫోటోలు ఇక్కడ పెట్టండి. ఫోటోలో మౌంట్ చుట్టూ కనీసం చెయ్యి వెడల్పు రేకు కనపడాలి, పగులు చాలాసార్లు బోల్టు దగ్గర కాకుండా కొంచెం దూరంలో మొదలవుతుంది.